మూడో స్నానం

అక్క పోయిందని లావణ్య మెసేజ్ పెట్టింది. మా నలుగురికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పండగలకి పువ్వుల బొమ్మలు తప్ప అందులో ఏళ్ళ తరబడి ఏమీ పడవు. ఆ రోజు ఒక్క వాక్యం పడింది. చాట్రాయి దగ్గర వాళ్ళ ఊళ్ళో, పొద్దున్నే గుండె ఆగిందట. వార్త కంటే అది పెట్టిన మనిషి పేరు వైపే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. అక్కే లేకపోయుంటే ఏదో ఒక డిసెంబరులో లావణ్య గురించి ఇలాంటి వాక్యమే మేం ఎవరికో పంపి ఉండేవాళ్ళం.

అక్క పేరు ఇక్కడ రాయను. నలుగురిలో పేరు పెట్టి పిలిస్తేనే ఉలిక్కిపడే మనిషి. అంత భయస్తురాలిని నేను మళ్ళీ చూడలేదు. బల్లికి భయం, కుక్కకి భయం, ఉరుముకి భయం, ప్రొఫెసరుగారు తలెత్తి చూస్తే భయం. చున్నీ కొసని చూపుడువేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ మాట్లాడేది. ఆ వేలి చివర ఎప్పుడూ కాస్త ఎర్రగా ఉండేది.

నూజివీడులో పీజీ చదివే రోజుల్లో మేం నలుగురం ఒక మామిడి వ్యాపారి ఇంటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, ఒకే బాత్రూమ్. ముందు వైపు ఇంటివాళ్ళు. మా గోడకి ఆనుకుని కాయలు మాగబెట్టే పొడవాటి గది. సీజన్లో మా పుస్తకాలకి కూడా రసాల వాసన పట్టేది. నలుగురిలో అక్క, నేను, రమ్య ఒక బ్యాచ్. విస్సన్నపేట నుంచి వచ్చిన లావణ్య మాకు జూనియర్. నిజానికి అక్కది మాకన్నా రెండేళ్ళు పెద్ద వయసు. నాన్నకి జబ్బు చేస్తే మధ్యలో చదువు ఆపి తోట చూసుకుని వచ్చిందని రమ్య చెప్పింది. ఆవిడ మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ బ్యాగులో పెన్ను పక్కన టెస్టర్ ఉండేది. కరెంటు వాళ్ళు వాడే, వెలిగే టెస్టర్. ఒకసారి ఇంటర్నల్ పరీక్షలో కంగారుగా బ్యాగులోంచి దాన్నే తీసి జవాబు పేపరు మీద రాయబోయింది. హాలంతా నవ్వింది. "అక్క ప్రశ్నపత్రంలో కరెంటు ఉందేమోనని చూస్తోందండీ" అంది రమ్య. ఇన్విజిలేటరు కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. సాయంత్రం ఇంటికి రాగానే ఆ టెస్టర్‌తోనే మా ఐరన్ బాక్సుని తాకి చూసింది. టెస్టర్ ఎర్రగా వెలిగింది, బాక్సుకి షాక్ వస్తోంది. పొద్దున రమ్య తడిచేత్తో పట్టుకుని చుడీదార్ ఇస్త్రీ చేసుకుని వెళ్ళిన ఐరన్ బాక్సు అది. ఆ రాత్రి రమ్య జోకులు వెయ్యలేదు.

ఇల్లు పంచుకుని బతకడం గురించి ఇవాళ ఫోన్లలో బోలెడు వీడియోలు వస్తున్నాయి. అల్మరా ఎలా సర్దాలి, వంతులు ఎలా వేసుకోవాలి, ఫ్రిజ్‌లో ఎవరి డబ్బా ఎవరిదో ఎలా గుర్తు పెట్టుకోవాలి. మంచివే. కానీ అద్దె ఇంట్లో మనిషి ముందు బతికుండాలి, సర్దుకోవడం తర్వాత. అక్క మాకు నేర్పినవన్నీ ఆ మొదటి సంగతికి చెందినవి. నేర్పాననీ ఆవిడ అనుకోలేదు. భయపడేది, మమ్మల్ని కూడా భయపడమని బతిమాలేది, అంతే.

సిలిండరు రెగ్యులేటరు కట్టేసిన మనిషి "కట్టేశా" అని పైకి అనాలి. ఇంకొకరు విని "కట్టేసింది" అనాలి. ఎవరూ విననిది కట్టేసినట్టు కాదు. ఐరన్ బాక్సు చల్లారాక గడప మీద పెట్టాలి, బయటికెళ్ళే వాళ్ళ కాలికి తగిలేలా. తగిలితే ప్లగ్గు పీకామా లేదా అని గుర్తొస్తుంది. దోమల చక్రం మంచం కింద పెట్టకూడదు. సూట్‌కేసులు తలుపు దారిలో పెట్టకూడదు, పరుగెత్తాల్సి వస్తే దారి ఉండాలి. ఒకరి ఇంటి ఫోను నంబరు మిగతా ముగ్గురికీ కంఠతా రావాలి.

"ఫోన్లో ఉన్నాయిగా అక్కా, బట్టీ దేనికి?" అనేది రమ్య.

"ఫోనే పోతేనే?"

"ఫోన్ పోతే నీ పీడా పోతుంది. రోజుకి పదిసార్లు ఎక్కడున్నావే అని చెయ్యవు."

"చెప్పవే ముందు. లావణ్య వాళ్ళ నాన్నగారిది?"

అన్నం తింటూ మేం ఒకరి తండ్రుల నంబర్లు ఒకరం ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్ళం. నాకు లావణ్య తండ్రి నంబరు ఇప్పటికీ వచ్చు. ఒకే ఒక్కసారి పనికొచ్చింది.

గీజరు సంగతికి వస్తాను. బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు ఉండేది, గోడకి బిగించిన తెల్లటి పెట్టె. కుళాయి తిప్పగానే లోపల మంట భగ్గుమని అంటుకుంటుంది, వేడినీళ్ళు వస్తాయి. నూజివీడు చలి పెద్ద చలేం కాదు, కానీ తెల్లవారుజామున తోటల మీంచి వచ్చే మంచు ఎముకల్లోకి దిగుతుంది. ఆ గీజరంటే మాకు ప్రాణం. అక్క మాత్రం దాన్ని ముట్టుకునేది కాదు. అందరం అయ్యాక చన్నీళ్ళతో పోసుకునేది. మొదట రమ్య, తర్వాత నేను, మూడోది లావణ్య. జూనియర్ కాబట్టి ఆ పిల్లకి మూడో వంతు. మేం పెట్టిన వరస కాదది, ఏ హాస్టల్లో చూసినా ఉన్న వరసే.

ఆ ఏడు కార్తీకంలో ఇంటాయన దగ్గరికి ఒక వాస్తు పండితుడు వచ్చాడు. ఇల్లంతా తిరిగి, మా బాత్రూమ్ వెంటిలేటరు కింద నిలబడ్డాడు. నైరుతి మూల కన్నం ఉంటే ఇంటికి వచ్చింది నిలవదన్నాడు. అంతకు ముందు ఏడాది ఇంటాయన తోటల్లో పూత మాడిపోయింది. మాడింది తేనెమంచు పురుగు వల్ల. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మందు కొట్టించిందీ ఆయనే. అయినా మర్నాడు మేస్త్రీ వచ్చి వెంటిలేటరుని ఇటుకలతో మూసేశాడు. దాని మీద ఇంటావిడ పసుపు రాసి బొట్లు పెట్టింది. ఒక పురుగు చేసిన నేరానికి ఒక కిటికీకి ఉరిశిక్ష పడింది. ఇలాంటి తీర్పులు మన ఊళ్ళలో రోజూ పడుతుంటాయి, ఎవరూ అప్పీలు చెయ్యరు.

చలి మొదలైంది. లావణ్యకి తలనొప్పి మొదలైంది. స్నానం చేసి వచ్చి గడప మీద కూలబడేది. వాంతి వచ్చినట్టుందనేది. ఏమీ తినకుండా చదువుతోందని మేం అనుకున్నాం. ఒక రోజు తలుపు తీసుకుని బయటికి వస్తూనే మోకాళ్ళ మీద పడిపోయింది. ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది.

"నేను చెప్తే మీ బాబాయిగారు కొట్టిపారేస్తారుగానీ అమ్మాయ్, ఆ మూల పూర్వం బావి ఉండేది. మా అత్తగారి కాలంలో ఒకావిడ అందులో పడింది. తర్వాత పూడ్చేసి బాత్రూమ్ కట్టారు. ఒకరిద్దరు వెళ్ళేదాకా ఊరుకుంటుంది. మూడో మనిషి కాలు పెడితే ఊరుకోదు."

ఆ మాట ఇంట్లో పడ్డాక ఇల్లు మారిపోయింది. మూడో వంతు అంటే రమ్యకి కూడా వణుకే. బాత్రూమ్ తలుపుకి నిమ్మకాయ వేలాడింది, నల్లతాడు పడింది. లావణ్య స్నానానికి వెళ్ళే ముందు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కునేది. నాకు ఒళ్ళు మండిపోయింది. దెయ్యం లేదని చిన్నప్పటి నుంచీ సభల్లో విని, సభల్లో చెప్పి పెరిగినదాన్ని. ఇంటావిడతో వంటింటి గుమ్మంలో వాదన పెట్టుకున్నాను. ఆవిడ బావి అంది, నేను రుజువు అన్నాను. మా ఇద్దరి గొంతులూ పెరుగుతుంటే అక్క మాత్రం బాత్రూమ్‌లో స్టూలు వేసుకుని, గీజరు కుళాయి తిప్పి, మంట వైపు చూస్తోంది.

"ఇదివరకు నీలంగా ఉండేదే మంట. ఇప్పుడు పసుప్పచ్చగా ఉంది" అంది దిగి వచ్చి.

"నువ్వు గీజరు దగ్గరికి కూడా వెళ్ళవుగా, నీకెలా తెలుసు?" అన్నాను.

"భయమేసినవి నాకు బాగా గుర్తుంటాయే."

తర్వాత చున్నీ వేలికి చుట్టుకుంటూ అడిగింది. "మరి ఆదివారాలు లావణ్యకి ఏమీ అవదెందుకు?"

ఆదివారం మేం తీరిగ్గా లేచేవాళ్ళం. ఒకరి స్నానానికి ఇంకొకరి స్నానానికి మధ్య ఇడ్లీ ఉడికేది, తలుపు తెరిచే ఉండేది. మిగతా రోజుల్లో కాలేజీ తొందర. ఒకరు బయటికి రాగానే ఇంకొకరు దూరి తలుపేసుకునేవాళ్ళం. మంట ఆరేది కాదు. ఆదివారం సెలవు తీసుకునే దెయ్యం, చన్నీళ్ళు పోసుకునే వాళ్ళ జోలికి రాని దెయ్యం, వెంటిలేటరు మూశాకే ఇంట్లో దిగిన దెయ్యం! అక్క అది దెయ్యం కాదని అనలేదు. తనకి తెలిసిన ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళింట్లో కాయలు మాగబెట్టిన గది తలుపు తీశాక కాసేపు బయటే నిలబడతారట. వెంటనే లోపలికి వెళ్ళిన చిన్నాన్న ఒకాయన చిన్నప్పుడు తన కళ్ళముందే కుప్పకూలాడట. లోపల ఏ వాసనా లేదు, పొగా లేదు.

"వాసన వచ్చేదైతే పారిపోవచ్చు. రాందాన్ని ఏం చేస్తాం?" అంది.

ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూసి మా ముగ్గురికీ మొదటిసారి నిజంగా భయమేసింది. బావిలో పడ్డ ఆవిడ అంటే భయపడడంలో ఒక సరదా ఉంటుంది, ఒకరి మంచం మీద ఒకరు చేరి పడుకునే సరదా. ఇది వేరు. తెల్ల పెట్టె, పసుపు రాసిన ఇటుకలు, లోపలి నుంచి వేసుకునే గడియ. మంట సరిగా గాలి అందక మండితే పుట్టే విషానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ఊపిరి చోటు ఆక్రమించుకుంటుంది. మనిషికి మగతగా, హాయిగా కూడా ఉంటుంది. కాళ్ళు పడిపోయేదాకా ప్రమాదమని తెలియదు. తెలిశాక గడియ తీసే శక్తి ఉండదు.

ఇంటాయన్ని అడిగాం. మంచిరోజు చూసి పండితుడిని కనుక్కుంటానన్నాడు. ఈలోపు బతకాలి కదా. అక్క కొత్త పద్ధతి పెట్టింది. తలుపు తెరిచి ఉంచి బకెట్లు నింపుకోవాలి, గీజరు ఆపాలి, కాసేపు ఆగాలి, అప్పుడు స్నానం. గడియ తీసేద్దామంది కానీ అది ఎవరూ ఒప్పుకోలేదు. "ముందు వైపు మగాళ్ళున్నారక్కా" అంది రమ్య. అయితే పిలిస్తే పలకాలంది. స్నానం చేస్తున్నంతసేపూ ఆవిడ వంటింట్లోంచి అరిచేది.

"ఉన్నావా?"

"ఉన్నా!"

మళ్ళీ కాసేపటికి, "ఉన్నావా?"

"ఉన్నానే తల్లీ, సబ్బు కూడా రుద్దుకోనివ్వవా!"

విసుక్కునేవాళ్ళం. కొన్నిసార్లు కావాలని ఒక క్షణం ఆలస్యంగా పలికేవాళ్ళం. ఆ ఒక్క క్షణంలో తలుపు మీద దబదబా బాదుడు పడేది. తీసి చూస్తే ఎదురుగా అక్క, పాలిపోయిన మొహం, చేతిలో గరిటె.

ఒక శుక్రవారం ఉదయం. బయట మంచు ఎదురింటి గోడ కనపడనంత చిక్కగా ఉంది. లావణ్యకి ఆ రోజు ప్రాక్టికల్స్. రమ్యా నేనూ పుస్తకాలు సర్దుకుంటున్నాం. అక్క ఉప్మాకి పోపు వేస్తోంది. ఇంటావిడ వెనక గుమ్మంలోంచి వచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. లావణ్యకి జ్వరమొస్తే కారప్పొడితో అన్నం ముద్దలు కలిపి పెట్టిన మనిషి. ఆ పిల్ల మీద ఉన్న ప్రేమకొద్దీ సాంబ్రాణి వేసుకొచ్చింది. మట్టి ధూపపాత్రలో ఎర్రటి బొగ్గులు, మీద సాంబ్రాణి గుప్పెడు. దాన్ని తీసుకెళ్ళి బాత్రూమ్ మూల పెట్టింది.

"పొగ బయటికి పోతే ఫలితం ఉండదమ్మా. తలుపు గట్టిగా వేసుకుని పోసుకో. వేడినీళ్ళే పోసుకో, మంచు పడుతోంది" అంది లావణ్యతో, మెల్లగా, మాకు వినపడకుండా. నేను అడ్డం పడి వాదిస్తానని. ఇదంతా తర్వాత లావణ్య చెబితే తెలిసింది.

ఒక పక్క అక్క చెప్పిన భయం. ఇంకో పక్క ఇంటావిడ చెప్పిన భయం. ఇంటావిడ భయానికి చేతిలో మందు కూడా ఉంది, వాసనేస్తోంది, కంటికి కనిపిస్తోంది. ఆ పిల్ల దాన్నే నమ్మింది. అప్పటికే రెండు స్నానాలయిన ఆ గదిలోకి, కాలుతున్న బొగ్గుల పక్కకి వెళ్ళి, గీజరు తిప్పి, గడియ వేసుకుంది. విరుగుడు అనుకుని విషం రెట్టింపు చేసుకోవడం మనకు తెలిసిన విద్యే. కానీ ఆ ఉదయం ఆ విద్య మా కళ్ళముందే ఒక పిల్ల మీద జరుగుతోంది, మాకు తెలియదు.

"ఉన్నావా?" అంది అక్క.

"ఉన్నా."

పోపు చిటపటలాడింది. రమ్య తన ఐడీ కార్డు వెతుక్కుంటోంది.

"ఉన్నావా?"

"ఆ..."

అక్క గరిటె ఆగింది. "అదేంటి, అలా అంటోంది?" అంది మా వైపు చూసి.

"నిద్రమత్తు" అంది రమ్య.

"లావణ్యా! ఉన్నావా?"

నీళ్ళు పడుతున్నాయి. అదే ఎత్తు నుంచి, అదే లావున, ఆగకుండా. నీళ్ళ కింద మనిషి కదులుతుంటే శబ్దం మారుతూ ఉంటుంది. ఆ శబ్దం మారడం లేదు. ఇప్పటికీ మూసిన బాత్రూమ్‌లో నీళ్ళు ఒకే తీరుగా పడుతుంటే నేను చేస్తున్న పని ఆపి నిలబడతాను.

అక్క పరుగెత్తింది. తలుపుకి భుజం వేసి ఒక్క తోపు తోసింది. గడియ మరలతో సహా ఊడి లోపల పడింది. అంత బక్కమనిషికి అంత బలం ఎక్కడిదని అప్పుడనుకున్నాం. తర్వాత చూస్తే ఆ మరలు ఎప్పుడో సగందాకా వదులు చేసి ఉన్నాయి. అడిగితే మేం ఒప్పుకోలేదు కదా, అడక్కుండా చేసింది. పక్కవాళ్ళ దువ్వెన తీసుకోవాలన్నా అనుమతి అడిగే మనిషి.

"మీరు రావొద్దు! ఊపిరి పీల్చొద్దు!" అని అరిచి, తను గట్టిగా గాలి పీల్చి బిగబట్టి లోపలికి వెళ్ళింది. ముందు కుళాయి కట్టేసింది. లావణ్య గోడకి జారబడి ఉంది, ఒంటి మీద నైటీ తడిసి ఉంది, తల పక్కకి వాలి ఉంది. చంకల కింద చేతులేసి ఈడ్చుకుంటూ పెరట్లోకి, మంచులోకి తెచ్చి పడేసింది. అప్పుడు వదిలింది ఊపిరి. ఆ పిల్ల బుగ్గలు మాత్రం ఏమీ కానట్టు గులాబి రంగులో ఉన్నాయి. అది చూసే నాకు ఎక్కువ భయమేసింది.

ఇంటావిడ గుండెలు బాదుకుంటూ వచ్చింది. "అమ్మో, పట్టేసింది! నిమ్మకాయ తీసుకురండే, నిమ్మకాయ!"

"నిమ్మకాయ కాదు పిన్నీ, ఆటో!" అంది అక్క. అక్క గొంతు అంత గట్టిగా వస్తుందని ఎవరికీ తెలియదు. ఇంటావిడ ఏడుస్తూనే వీధిలోకి పరుగెత్తి, చెప్పుల్లేకుండా, మంచులో ఆటో ఆపింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డ్యూటీ డాక్టరు ఏమైందని అడిగితే నేను నోరు తెరిచేలోపే అక్క చెప్పింది. "గ్యాస్ గీజరండీ. కిటికీ మూసేశారండీ. లోపల నిప్పులు కూడా ఉన్నాయండీ." ఆయన ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నానికి లావణ్య కళ్ళు తెరిచింది. ఇంకాస్త ఆగి ఉంటే తెచ్చి ప్రయోజనం ఉండేది కాదని ఆ డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. అది విన్నాక అక్క బెంచీ మీద కూర్చుండిపోయింది. లావణ్య వాళ్ళ నాన్నకి ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. పరుగుల్లో ఫోన్లన్నీ ఇంట్లోనే వదిలేసి వచ్చాం. ఆటో డ్రైవరు ఫోన్ అడిగి తీసుకుని నంబరు కొట్టాను. చూసుకోవాల్సిన పని లేకపోయింది.

రెండు రోజుల తర్వాత నలుగురం మళ్ళీ ఆ ఇంట్లో కూర్చున్నాం. రమ్య అడిగింది. "అక్కా, నిజం చెప్పు. నువ్వు దెయ్యాల్ని నమ్ముతావా?"

"నమ్ముతానే. ఎందుకు నమ్మనూ?"

"మరి ఆ మూల ఉన్నావిడ?"

"ఉంటే ఉండనీ. దానిక్కూడా గాలాడాలిగా."

లావణ్య ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి నవ్వింది. నేను నవ్వలేదు. ఈ దేశంలో మూఢనమ్మకాల మీద జరిగిన ఎన్నో చర్చల్లో కూర్చున్నాను, ఎన్నో వాదనలు విన్నాను. అవతలి వాడి దెయ్యాన్ని అవతలి వాడికే వదిలేసి, గోడకి కన్నం మాత్రం అడిగిన వాదన అదొక్కటే.

ఇంటాయన దగ్గరికి నలుగురం వెళ్ళాం. ఆయన నా వైపు చూసి ముందే చెప్పేశాడు. "నువ్వు మాట్లాడకమ్మా. నీకు నమ్మకాల్లేవు. నాకు తోటలున్నాయి. మొన్న మూయించాక ఈ ఏడు పూత ఎలా ఉందో వెళ్ళి చూసిరా."

అక్క ఆయన మొహం చూడకుండా, నేల వైపు చూస్తూ అంది. "మా నాన్నదీ తోటేనండీ బాబాయిగారూ. మీ మాగబెట్టే గదికి నాలుగు కిటికీలున్నాయి కదండీ. అవి దేనికండీ?"

"గాలాడకపోతే కాయ చెడిపోదూ?"

అక్క చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. ఆయన కాసేపు గోడ వైపు చూశాడు, లావణ్య వైపు చూశాడు. ఆయనకీ ఆ ఈడు కూతురుంది. "సరే. మీరున్నన్నాళ్ళే. మీరు ఖాళీ చేశాక నా ఇల్లు నా ఇష్టం" అన్నాడు. మర్నాడు ఇటుకలు తీయించాడు. గీజరు మెకానిక్కుని కూడా పిలిపించాడు. వాడు పెట్టె విప్పి లోపలి మసి చూసి నాలుక కరుచుకున్నాడు.

వెంటిలేటరు తెరుచుకున్నాక కూడా మా భయం పోలేదు. పోవాలని నేను అనుకోలేదు కూడా. హేతువాదమంటే దేనికీ భయపడకపోవడమని చాలామంది అనుకుంటారు. వంటగదిలో గ్యాస్ వాసనొస్తే లైటు స్విచ్చి వెయ్యడానికి భయపడని వాడు ధైర్యవంతుడు కాదు, వాడి పక్క గదిలో నేనుండను. మీరు ఇప్పుడు ఏ ఊళ్ళోనో నలుగురితో ఇల్లు పంచుకుని ఉండి ఇది చదువుతుంటే, లేచి వెళ్ళి బాత్రూమ్‌లో పైకి చూడండి. కన్నం ఉందా? ఉంటే దాన్ని చలికని అట్టముక్కతో మూశారా? గ్యాస్ గీజరు ఉంటే దాన్ని బాత్రూమ్ బయటికి మార్చమని ఇంటి ఓనర్ని అడగండి. మార్చేదాకా నీళ్ళు పట్టుకుని, ఆపేసి, తలుపు తెరిచి ఉంచి, అప్పుడు పోసుకోండి. లోపలున్న మనిషిని పిలవండి. విసుక్కున్నా పిలవండి.

వేసవిలో పరీక్షలయ్యాయి. మేం ఖాళీ చేసే రోజుకి నూజివీడంతా కాయల లారీలే. మా సామాను ఆటోలో ఎక్కిస్తున్నాం. ఇంటాయన మాట నిలబెట్టుకునే మనిషి. అదే రోజు మేస్త్రీని పిలిపించాడు. మేం పరుపులు చుట్టుకుంటుండగానే వెనక గోడ దగ్గర సిమెంటు కలిపిన చప్పుడు వినిపించింది. మధ్యాహ్నానికి వెంటిలేటరు మళ్ళీ ఇటుకలతో నిండిపోయింది. మేస్త్రీ అన్నానికి వెళ్ళాడు. "జూన్లో బీఈడీ పిల్లలు దిగుతున్నారమ్మా" అని ఇంటావిడ మాకు రసాలు పొట్లం కట్టిస్తూ చెప్పింది.

ఆటో కదలబోతోంది. అక్క లేదు.

వెనక్కి వెళ్ళి చూశాం. పెరట్లో, మేస్త్రీ వదిలేసిన తాపీ పక్కన, అక్క నిలబడి ఉంది. చివర వల బిగించిన, కాయలు కోసే వెదురు దోటి ఆవిడ చేతిలో ఉంది. గోడ చాలా ఎత్తు, ఆ దోటి మాత్రం అందుతుంది. కర్ర కొసతో సిమెంటు ఆరని ఇటుకని పొడుస్తోంది.

"అక్కా, వద్దే! ఆయన ముందు గదిలోనే ఉన్నాడు!" అంది రమ్య గుసగుసగా. లావణ్య వెళ్ళి దోటి కింది భాగాన్ని తనూ పట్టుకుంది. ఇద్దరూ కలిసి పొడిచారు. ఒక ఇటుక కదిలి లోపలికి పడింది. దాని వెనకే ఇంకోటి. బాత్రూమ్ గచ్చు మీద పడ్డ చప్పుడు ఇల్లంతా మోగింది.

ముందు గది నుంచి ఇంటాయన గొంతు. "ఎవరదీ?"

పారిపోదామని నేనూ రమ్యా రెండు అడుగులు వెనక్కి వేశాం కూడా. ఆయన పెరట్లోకి వచ్చాడు, గోడ చూశాడు, దోటి చూశాడు. అక్క లావణ్యని వెనక్కి నెట్టి ఒక్కతే ముందు నిలబడింది.

"నేనేనండీ బాబాయిగారూ" అంది. "మూయిస్తే మళ్ళీ వస్తానండీ. చాట్రాయి నుంచి బస్సుంది."

అక్క దోటి కిందికి దించలేదు. పైన, ఆ కన్నం ముందు, ఖాళీ వల గాలి లేకపోయినా గజగజా ఊగుతూనే ఉంది.